అటక మీది సైలెన్సర్

బండికి ఇన్సూరెన్సు ఉంది. మరి బండికి మనం తగిలించిన సోకులకు ఉందా? మధురానగర్‌లోని ఓ ఇల్లాలికి ఈ తేడా తెలిసేసరికి ఇంట్లో ఇంకో రహస్యం కూడా బయటపడింది!

రాత్రి పదకొండున్నర దాటింది. మధురానగర్‌లో ఆ రెండంతస్తుల ఇంటి పైవాటాలో ఆమె అన్నం గిన్నె మీద మూతపెట్టి బాల్కనీలోకి వచ్చి నిలబడింది. బయట సన్నగా వాన. మామూలుగా అయితే అతను వస్తున్నట్టు యూసుఫ్‌గూడ వైపు మలుపు దగ్గరే తెలిసిపోతుంది. డుగ్ డుగ్ డుగ్... ఆ చప్పుడు వినపడగానే ఆమె వెళ్లి స్టవ్ వెలిగిస్తుంది. అతను మెట్లెక్కి, బూట్లు విప్పి, కాళ్లు కడుక్కునేసరికి చారు వేడెక్కుతుంది. మూడేళ్ల పాప కూడా నిద్రలోనే 'నాన్న' అని గొణుగుతుంది. కింది వాటాలో ఉండే ఇంటావిడ మాత్రం 'మీవారి బండి వస్తే మా అద్దాలు వణుకుతున్నాయమ్మా' అని నెలకోసారైనా అంటూనే ఉంటుంది.

ఆ రాత్రి చప్పుడు రాలేదు. ఫోనొచ్చింది.

అతను కెమెరా అసిస్టెంట్. ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ ప్యాకప్ అయ్యాక, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, వెంకటగిరి, కృష్ణానగర్ మీదుగా ఇంటికొస్తున్నాడు. మెట్రో పిల్లర్ల పక్కన నీళ్లు నిలిచిన చోట ఓ కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా పట్టాడు. బండి జారి డివైడర్‌కు కొట్టుకుంది. వెనకే ఇంకో బండి మీద వస్తున్న యూనిట్ కుర్రాళ్లు ఆగి, అతన్ని ఆసుపత్రికి చేర్చారు. కాలర్‌బోన్ విరిగింది. హెల్మెట్ ఉండబట్టి తలకేమీ కాలేదు.

'నాకేం కాలేదు. కంగారు పడకు. బండికే...' అన్నాడతను ఆసుపత్రి మంచం మీంచి. ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

మర్నాటి నుంచి ఇన్సూరెన్సు పనంతా ఆమె మీద పడింది. వెంగళరావునగర్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కల టీచరు. అతని కుడి చెయ్యి కట్టులో ఉంది మరి. బండి పాలసీని ఆమె ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఏటా అతనే రెన్యువల్ చేయించేవాడు. 'ఫుల్ ఇన్సూరెన్సు ఉంది' అనే మాట మాత్రం తెలుసు. ఆ మాట విన్నవాళ్లందరిలాగే ఆమె కూడా బండికి ఏమైనా, బండి మీది మనిషికి ఏమైనా మొత్తం వాళ్లే ఇస్తారనుకుంది.

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. ఆసుపత్రి బిల్లుకూ బండి పాలసీకీ సంబంధం లేదు! పాలసీలో యజమాని ప్రమాద బీమా అని ఒకటుంటుంది. 2018లో దాన్ని 15 లక్షల రూపాయలకు పెంచారు. అయితే అది ప్రాణం పోతేనో, పాలసీలో రాసిన శాశ్వత వైకల్యం వస్తేనో ఇచ్చేది. విరిగిన ఎముకకు, వేసిన ప్లేటుకు, వారం రోజుల గది అద్దెకు అందులోంచి పైసా రాదు. దానికి ఆరోగ్య బీమా వేరే ఉండాలి. వాళ్లకు లేదు. యూనిట్ వాళ్లు కొంత సర్దారు. మిగతాది చీటీ పాడి తెచ్చింది. ఆ చీటీ డబ్బు జూన్‌లో పాపను స్కూల్లో చేర్పించడానికని దాచుకున్నది.

కాబట్టి బండి క్లెయిమైనా సరిగ్గా రావాలి. చెయ్యి బాగై అతను మళ్లీ పనిలోకి వెళ్లాలన్నా ఆ బండే దిక్కు. తెల్లవారుజామున నాలుగింటి కాల్షీటుకు మెట్రో ఉండదు కదా!

ఆరు బిల్లులు

సర్వీస్ సెంటర్ వాళ్లు ఎస్టిమేట్ ఇచ్చారు. మొత్తం 56,200 రూపాయలు. రెండు కాగితాలు. మొదటి దాంట్లో కంపెనీ భాగాలు, కూలి, పెయింటింగు... 28,700. రెండో కాగితం పైన 'బయట బిగించినవి' అని రాసుంది. సైలెన్సర్, ముందు అలాయ్ చక్రం, ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు, క్రాష్ గార్డు. అవి 27,500.

'వీటికి బిల్లులుంటే తీసుకురండి మేడమ్, సర్వేయర్ అడుగుతాడు' అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు.

ఆమె అతన్ని అడిగింది. అతను కాసేపు గోడకేసి చూసి, 'కెమెరా బ్యాగులో వెనక జేబు...' అన్నాడు.

జేబులో ఆరు బిల్లులున్నాయి. ఆమె మంచం అంచున కూర్చుని ఒక్కొక్కటీ విప్పి, స్కూల్ డైరీ వెనక పేజీలో వేసుకుంది. సైలెన్సర్ 9,500. అలాయ్ చక్రాలు రెండూ 14,000. లైట్లు, వాటి వైరింగు 6,500. క్రాష్ గార్డు 4,500. సీటు 5,000. పక్కన తగిలించే పెట్టెలు 6,500. లెక్కల టీచరు కదా, కూడిక తప్పదు. 46,000!

'అన్నీ కలిపి ఏడెనిమిది వేలన్నారు కదండీ' అంది నెమ్మదిగా.

అతను మాట్లాడలేదు. చాలాసేపటికి చెప్పాడు. పదకొండేళ్లుగా మోస్తున్న లెన్సు పెట్టెలు అతనివి కావు. కెమెరా అతనిది కాదు. తీసే బొమ్మ అతనిది కాదు. తెర మీద పేరు పడేసరికి హాల్లో సగం మంది లేచి వెళ్లిపోతారు. సెట్లో హీరోగారి కోసం బండిని ముస్తాబు చేసిన ఆర్ట్ డిపార్ట్‌మెంటు మిత్రుడు ఒకరోజు 'నీ బండిక్కూడా చేయిద్దాంరా' అన్నాడు. ఇద్దరూ కలిసి పుత్లీబౌలి వెళ్లారు. మొదట సీటు. బేటా డబ్బులు చేతికొచ్చినప్పుడల్లా ఇంకొకటి. 'నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది మరి' అన్నాడు.

ఆమెకు కోపం పోలేదు. కానీ ఏమనాలో కూడా తెలియలేదు.

రెండు సుత్తి దెబ్బలు

సర్వేయర్ రావడానికి ఒకరోజు ముందు, బండికి ఈ సోకులన్నీ బిగించిన మెకానిక్ వాళ్లింటికొచ్చాడు. కృష్ణానగర్ సందులో షెడ్డు అతనిది. మంచివాడు. అతనికి దెబ్బ తగిలిందని తెలిసి బత్తాయిలు పట్టుకొచ్చాడు.

'అక్కా, పాత సైలెన్సర్ యాడుంది?' అనడిగాడు.

అటక మీద ఉంది. పాత పేపర్లో చుట్టి, తాడు కట్టి.

'గట్లయితే ఫికర్ లేదు. రాత్రికి తెచ్చియ్యి. షోరూం కాడ మనోడున్నడు. కొత్తది ఇప్పేసి ఇది బిగించేద్దాం. బిగించే ముందు రెండు సుత్తి దెబ్బలు కొడ్త. సర్వేయర్ కొత్త కంపెనీ సైలెన్సర్ రాస్తడు. ఈ సౌండు సైలెన్సర్ జూస్తే మొత్తం క్లెయిమే కొట్టేస్తరు అక్కా. అందరు గిట్లనే చేస్తరు.'

అతను వెళ్లాక ఆమె స్టూలు వేసుకుని అటక వైపు చూసింది. ఆ పేపరు పొట్లం కనిపిస్తూనే ఉంది. కొత్త సైలెన్సర్ అంటే ఏడెనిమిది వేలు. పాప స్కూలు అడ్మిషన్‌లో అదో వాయిదా. అబద్ధం కూడా ఏమంత పెద్దదనీ... అందరూ చేసేదే అన్నాడుగా!

తణుకులో ఉన్న మామగారికి ఫోన్ చేసింది. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అంతా విని ఒకటే అడిగారు. 'క్లెయిము కాగితం మీద సంతకం ఎవరిదమ్మాయ్?'

'ఆయనదేనండీ. బండి ఆయన పేరునే ఉంది.'

'అయితే వాణ్ణే అడుగు. సంతకం పెట్టేవాడికి తెలియాలి, దేని కింద పెడుతున్నాడో.'

ఆమె అడిగింది. అతను వెంటనే 'వద్దు' అన్నాడు. తర్వాత కొంచెం నవ్వి, 'ఆ రాత్రే మావాళ్లు రోడ్డు మీద బండిని ఫొటోలు తీసి ఇన్సూరెన్సు వాళ్లకు పంపేశారు. అందులో కొత్త సైలెన్సరే ఉంది' అన్నాడు.

ఆ 'వద్దు'లో నిజాయతీ ఎంతో, ఫొటోల భయమెంతో అతనికే తెలియాలి. ఏదైతేనేం, పొట్లం అటక దిగలేదు. అది వాళ్ల అదృష్టం. ప్రమాదం నాటి ఫొటోల్లో ఒకటీ, సర్వేలో మరొకటీ కనిపిస్తే క్లెయిమును మోసపూరితమని తిరస్కరించడానికి కంపెనీకి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. ఏడు వేల కోసం ఇరవై మూడు వేలూ పోయేవి.

సర్వేయర్ చెప్పిన లెక్క

సర్వేయర్ యాభై దాటిన మనిషి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఛాసిస్ నంబరు చూసుకున్నాడు. ఆర్‌సీ, లైసెన్సు, పాలసీ అడిగాడు. సైలెన్సర్ దగ్గర వంగి చూసి, ఆమెకేసి తిరిగాడు.

'ఇది కంపెనీది కాదు కదమ్మా?'

'కాదండీ. బయట వేయించాం.'

ఆయన తల ఊపి రాసుకున్నాడు. ఆ తర్వాత టీ తాగుతూ, విసుక్కోకుండా ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాడు. బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలియాల్సిన సంగతులవి.

పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. అది బండికి కట్టిన ధర. దాన్ని కంపెనీ ప్రకటించిన అమ్మకపు ధర నుంచి లెక్కిస్తారు. బండి వయసును బట్టి తరుగు తీసేస్తారు. ఆర్నెల్లలోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50. ఆపైన బండికి యజమానీ కంపెనీ కలిసి ఒక ధర అనుకోవాలి. ఇక్కడే మెలిక ఉంది. కంపెనీ ధరలో లేనిది ఐడీవీలో ఉండదు. పుత్లీబౌలిలో కొన్నదే కాదు, కొత్త బండితో పాటు షోరూంలోనే విడిగా డబ్బు కట్టి వేయించుకున్నది కూడా మనం చెప్పకపోతే పాలసీలోకి రాదు!

మరి చెప్పడానికి దారి ఉందా? ఉంది. ఎప్పటి నుంచో ఉంది. 2002 జులై 1న అమల్లోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్‌లో దీనికి 24వ నంబరు ఎండార్స్‌మెంట్ అని ఒకటి పెట్టారు. లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ లాంటి కరెంటు సామాన్ల విలువను విడిగా చెప్పి, ఆ విలువ మీద 4 శాతం అదనంగా కట్టాలి. చక్రాలు, గార్డులు, సీట్లు లాంటి మిగతా వాటి విలువను బండి విలువకు కలిపి, బండికి వేసే రేటే వేస్తారు. 2007 జనవరి 1 నుంచి ఈ రేట్లను కంపెనీల ఇష్టానికి వదిలేశారు. అయినా ప్రపోజల్ ఫారంలో ఈ రెండు గళ్లూ అలాగే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు కూడా అడుగుతారు. మనం చూడకుండా 'లేవు' అని నొక్కి ముందుకెళ్లిపోతాం.

ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. లైట్ల విలువ 6,500. అందులో 4 శాతం అంటే ఏడాదికి 260 రూపాయలు. అలాయ్ చక్రాలు, గార్డు, సీటు, పెట్టెలు కలిపి 30,000. పాత టారిఫ్‌లో ఇలాంటి బండికి వందకు రెండు రూపాయల లోపే రేటు. అంటే 600 కూడా కాదు. మొత్తం 860 లోపు! బిర్యానీకి వెళ్తే నలుగురికి అయ్యే ఖర్చు.

'మరి సైలెన్సర్?' అంది.

'అది వేరే సంగతమ్మా' అన్నాడు సర్వేయర్.

చట్టం ఒప్పుకోనిది బీమా ఒప్పుకోదు

బండికి వేసే సోకులన్నీ ఒకటి కావు. సీటు మార్చుకోవడం, పెట్టె తగిలించుకోవడం లాంటివి సరదా లేదా సౌకర్యం. వాటి విలువ చెప్పి ప్రీమియం కడితే సరిపోతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండినే మార్చేయడం అలా కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని 182ఏ సెక్షన్‌లో చేర్చారు. చెవులు పగిలే సైలెన్సర్లను పోలీసులు విప్పించి రోడ్డు రోలరుతో తొక్కించడం మనం టీవీల్లో చూస్తూనే ఉన్నాం.

బండి వెనక చక్రం దగ్గరుండే చీర గార్డు సంగతీ అంతే. 'లుక్ పోతుంది' అని కుర్రాళ్లు ముందుగా విప్పేసేది దాన్నే. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది చెబుతోంది. బండి రంగు మార్చినా రవాణా శాఖకు చెప్పి ఆర్‌సీలో రాయించుకోవాల్సిందే.

అలాగని బయటి సామాను ఒకటి కనిపించగానే మొత్తం క్లెయిము కొట్టేయాలనీ లేదు. మార్పుకూ ప్రమాదానికీ సంబంధం ఉందా అన్నది ముఖ్యం. ఇక్కడ బండి జారింది వాన నీళ్లలో, కుక్క అడ్డం వచ్చి. సైలెన్సర్ చేసిందేమీ లేదు. సర్వేయర్ అదే రాశాడు. షరతు తప్పిన సందర్భాల్లో కూడా మొత్తం తోసిపుచ్చకుండా కొంత శాతం ఇచ్చి పరిష్కరించే పద్ధతి ఉంది. 2010లో అమలేందు సాహు కేసులో సుప్రీంకోర్టు ఈ దారినే చూపింది. అక్కడ సొంతానికని బీమా చేసిన కారును అద్దెకిచ్చారు. అయినా క్లెయిమును పూర్తిగా కొట్టేయడం సరికాదంది.

చేతికి వచ్చింది ఎంత?

బయటి సామాను 27,500లో రూపాయి కూడా రాలేదు. మిగతా 28,700 అయినా పూర్తిగా వచ్చిందా అంటే అదీ లేదు. అతని పాలసీలో 'జీరో డిప్రీసియేషన్' లేదు. మామూలు పాలసీలో చాలా కంపెనీలు ఇప్పటికీ పాటించే తరుగు లెక్క ఇలా ఉంటుంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు సగం కోత. ఫైబర్‌గ్లాసుకు 30 శాతం. గాజుకు కోత లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి.

బండికి రెండేళ్లు దాటాయి. కాబట్టి 16,000 రూపాయల ఇనుప భాగాల్లో 15 శాతం పోయి 13,600. ప్లాస్టిక్, రబ్బరు 4,000లో సగం, 2,000. హెడ్‌లైట్ అద్దం 1,200 పూర్తిగా. కూలి 3,500 పూర్తిగా. పెయింటింగు 4,000. అందులో నాలుగో వంతును రంగు ఖరీదుగా తీసుకుని దాంట్లో సగం కోస్తారు. అంటే 500 పోయి 3,500. మొత్తం 23,800. ఇందులో యజమాని తప్పనిసరిగా భరించాల్సిన 100, పాత ఇనుము విలువ 400 తీసేస్తే మిగిలింది 23,300.

ఇంకో చిన్న నష్టం కూడా ఉంది. రెండేళ్లు క్లెయిము లేకుండా సంపాదించుకున్న 25 శాతం నో క్లెయిమ్ బోనస్ పోయింది. అందుకే చిన్న చిన్న సొట్టలకు క్లెయిముకు వెళ్లేముందు వచ్చేదెంతో, పోయేదెంతో లెక్క చూసుకోవడం మంచిది.

ఆ బోర్డు మీది పాఠం సర్వేయర్‌కు తెలియనిది కాదు, ఆమెకే కొత్త. ఇంటికి తిరిగొస్తూ ఇంకో సంగతి గుర్తొచ్చింది. పక్కింటి కుర్రాడు బండి మీది జీపీఎస్ ఫోన్ స్టాండు, లైట్లు రాత్రికి రాత్రి ఎవరో విప్పుకుపోయారని, ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వనన్నారని పోయినేడు గొడవ పెట్టుకున్నాడు. అతనిదీ తెలియనితనమే. ద్విచక్ర వాహనాల పాలసీలో ఒక వాక్యం ఉంటుంది. బండి కూడా పోతే తప్ప, సామాను మాత్రమే దొంగతనం అయితే పరిహారం రాదు. ప్రీమియం కట్టినా రాదు!

మీ ఇంటి బండి సంగతి?

ఈ ఆదివారం ఓ అరగంట తీరిక చేసుకుని మీ ఇంటి బండి పాలసీ తీసి చూడండి. అది ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీ మాత్రమేనా? 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి ఇస్తున్నారు. దాన్ని చూసి అయిదేళ్లూ బండికీ బీమా ఉందనుకునే వాళ్లు చాలామంది. సొంత బండి నష్టానికి ఉన్న భాగం ఏడాదికే అయిపోయి ఉండొచ్చు!

బయట ఏం వేయించినా బిల్లు తీసుకోండి. వేయించిన వెంటనే కంపెనీకి రాసి ఎండార్స్‌మెంట్ అడగండి. రెన్యువల్ దాకా ఆగక్కర్లేదు. విప్పిన కంపెనీ భాగాలను పారేయకండి. ప్రమాదం జరిగితే మనుషులను చూసుకున్నాక, బండిని కదపకముందే నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఆ రోజే కంపెనీకి చెప్పండి. సర్వే కాకముందు మరమ్మతు మొదలుపెట్టనివ్వకండి. క్లెయిము తగ్గిస్తే, ఎందుకు తగ్గించారో, ఏ షరతు కింద తగ్గించారో రాతపూర్వకంగా అడగండి.

జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా అనిపించకపోయినా మన హైదరాబాదులోనే దారులున్నాయి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోతే, లేదా కాదంటే, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ కార్యాలయం లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా కంపెనీలన్నిటినీ నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా నానక్‌రామ్‌గూడలోనే ఉంది. ఫోన్ మీద ఫిర్యాదు చేయాలంటే 155255. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఎలాగూ ఉంది.

ఆమెకు ఇవేవీ అవసరం పడలేదు. మూడు వారాలకు డబ్బు ఖాతాలో పడింది.

చప్పుడు లేని బండి

బయటి సామాన్లన్నీ మళ్లీ కొనాలంటే 27,500 కావాలి. అతను అడగలేదు. ఆమె అనలేదు. మంచిగా ఉన్న వెనక అలాయ్ చక్రాన్ని, పెట్టెలను అమ్మేశాడు. పాత చక్రాలు పుత్లీబౌలిలోనే మార్పిడి కింద ఇచ్చేశాడు కాబట్టి, మామూలు చక్రాలు రెండూ కొనక తప్పలేదు. సీటు మాత్రం ఉంచుకున్నాడు. ఈసారి రెన్యువల్‌లో సీటు విలువ 5,000 అని రాయించాడు. అలా రాయించిన కాగితాన్ని ఆమెకు చూపించి, బీరువాలో పాప బర్త్ సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే పెట్టాడు. ఆరు బిల్లులూ కూడా ఇప్పుడు అందులోనే ఉన్నాయి.

సైలెన్సర్ పొట్లం అటక దిగింది. ఈసారి పట్టపగలే. కృష్ణానగర్ మెకానిక్కే వచ్చి తీసుకెళ్లి బిగించాడు. 'సౌండ్ లేకుంటే బండి బండి లెక్క లేదు అక్కా' అని బాధపడ్డాడు. కూలి మాత్రం తీసుకోలేదు.

పాప అడ్మిషన్‌కు మామగారు కొంత పంపారు. మిగతాది స్కూలు వాళ్లు రెండు వాయిదాలకు ఒప్పుకున్నారు. అతను పనిలోకి వెళ్లడం మొదలుపెట్టాడు. బరువులు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. లెన్సు పెట్టెలు ఇంకో కుర్రాడు మోస్తున్నాడు.

మొదటి రోజు రాత్రి ఆమె బాల్కనీలో నిలబడే ఉంది. పదకొండు దాటింది. చెవులు యూసుఫ్‌గూడ వైపే ఉన్నాయి. ఏ చప్పుడూ లేదు. గుండె దడ మొదలవుతుండగా వెనక కాలింగ్ బెల్ మోగింది. ఉలిక్కిపడి తలుపు తీస్తే ఎదురుగా అతను. చారు చల్లగా ఉంది.

'రేపట్నుంచి చెక్‌పోస్టు దగ్గర ఆగి ఫోన్ చేస్తాలే' అన్నాడు బూట్లు విప్పుతూ.

ఇప్పుడు రోజూ ఆ ఫోను వస్తోంది. మాటలేమీ ఉండవు. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు. ఆమె వెళ్లి స్టవ్ వెలిగిస్తుంది. కింది వాటా ఇంటావిడ మాత్రం మొన్న మెట్ల దగ్గర కనిపించి, 'మీవారు ఈమధ్య షూటింగులకు వెళ్లడం లేదామ్మా? బండి చప్పుడే లేదు' అని అడిగింది.